పొలిమేర రాయి దగ్గర కీర్తన

"నీ పితరులు వేసిన పురాతనమైన పొలిమేర రాతిని నీవు తీసివేయకూడదు" (సామెతలు 22:28). ఇంగ్లండులో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) ప్రజలు ఈ వాక్యాన్ని వందల ఏళ్లుగా కాలినడకన పాటిస్తూ వచ్చారు.

యేసు పరలోకానికి వెళ్లిన రోజుగా జరుపుకునే ఆరోహణ గురువారానికి ముందు వచ్చే సోమ, మంగళ, బుధవారాలు రోగేషన్ దినాలు. లాటిన్‌లో 'రొగారె' అంటే వేడుకోవడం. 5వ శతాబ్దంలో, నేటి ఫ్రాన్స్‌లోని వియెన్ పట్టణం ఆపదల్లో ఉన్నప్పుడు బిషప్పు మమెర్టస్ ఉపవాసంతో, ఊరేగింపుతో ఈ ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంగ్లండులో పంట కోసం చేసే ఈ వేడుకోలూ, హద్దులు చూసుకునే పనీ ఒకే నడకలో కలిశాయి. ప్రొటెస్టంట్ సంఘ సంస్కరణలో మిగతా ఊరేగింపులు ఆగిపోయినా, 1559లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞలు దీన్ని మాత్రం ఉంచాయి. దారిలో స్తుతి కీర్తన చదవాలి, పొరుగువాని హద్దు జరిపినవాడు శాపగ్రస్తుడని చర్చి గురువు జనానికి గుర్తుచేయాలి. "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అన్న నోటితోనే ఆ హెచ్చరిక! పంటకు కృతజ్ఞత చెప్పేవాడు పక్కవాడి గట్టు నరకలేడు కదా.

రాయి దగ్గర చేసే పని ఇలా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మైకేల్ ఎట్ ది నార్త్ గేట్ చర్చివాళ్లు నేటికీ ఆరోహణ దినాన బెత్తాలు పట్టుకుని బయలుదేరతారు. గుర్తు రాతి మీద సుద్దతో సిలువ గీసి, ఆ సంవత్సరం వేస్తారు. వెంటనే అందరూ రాతిని కొడుతూ "మార్క్! మార్క్! మార్క్!" అని కేకవేస్తారు. ఊరు పెరిగి కొన్ని గుర్తులు దుకాణాల లోపల పడ్డాయి, అక్కడికీ వెళ్లాల్సిందే. ఒక్క రాయి వదిలేసినా గొలుసు తెగినట్టే.

పటాలు అరుదైన రోజుల్లో మనిషి జ్ఞాపకమే దస్తావేజు. యాభై, అరవై ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పగలిగేవాళ్లు కావాలి, అందుకే పిల్లల్ని తీసుకెళ్లేవారు. చోటు మరవకూడదని వాళ్లను రాతికేసి తాటించేవారు, ఒక్కోసారి బెత్తంతో కొట్టేవారు కూడా. ఇప్పుడు దెబ్బలు రాతికే పడుతున్నాయి, ఎంతో మేలు.

హద్దు మసకబారితే నష్టపోయేది బీదవాడు. దశమభాగం ఏ చర్చికి వెళ్లాలో, ఎవరిని ఎక్కడ పాతిపెట్టాలో, 1601 నాటి బీదల పోషణ చట్టం తర్వాత దిక్కులేనివాణ్ణి ఎవరు పోషించాలో ఆ గీతే చెప్పేది. తలిదండ్రులు లేనివారి పొలంలోకి చొరబడవద్దని సామెతలు 23:10 పొలిమేర రాతి మాట వెంటనే ఎందుకు అంటుందో ఇక్కడ అర్థమవుతుంది. బెమర్టన్ గ్రామ గురువు, కవి జార్జ్ హెర్బర్ట్ ఈ నడకలో నాలుగు మేళ్లు చూశాడు: పొలాలకు దేవుని దీవెన, హద్దుల విషయంలో న్యాయం, కలిసి నడిచి తగవులు తీర్చుకునే ప్రేమ, బీదలకు సాయం.

తగవులు తీరని చోట్లూ ఉన్నాయి. లండన్ కోటవాళ్లకూ, పక్కనే ఉన్న ఆల్ హాలోస్ పారిష్‌కూ 1698లో హద్దు మీద కొట్లాటే జరిగింది. ఇప్పుడు మూడేళ్లకోసారి ఆ రెండు ఊరేగింపులు ఎదురుపడి, ఆ పాత గొడవను గుర్తు చేసుకుంటాయి. ఆల్ హాలోస్ దక్షిణపు హద్దు థేమ్స్ నది నడిమధ్యన ఉంది. అక్కడ రాయి పాతే వీలు లేదు కనుక పడవలో వెళ్లి, బెత్తాలతో నీళ్లనే కొట్టి వస్తారు.