ఐఏబీ మీటింగులో మా శివారు మాట

దాళ్వాకి, అంటే రబీ వరికి, ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలి, కాలువలు ఎప్పుడు మూసేయాలి అన్నది నీటిపారుదల సలహా మండలిలో, అదే ఐఏబీలో, తేలుతుంది. మాది గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువ చివరనున్న శివారు ఊరు. నీటి సంఘం తరఫున మొదటిసారి వెళ్లినప్పుడు మైకు తీసుకుని, "ఏటా మా చేలు ఎండుతున్నాయి, నీళ్లివ్వండి" అని గట్టిగా అడిగాను. వేదిక మీద ఇంజనీరు గారు "శివారు వరకూ నీరందేలా చర్యలు తీసుకుంటాం" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఫిబ్రవరిలో మా చేలకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ, మా బోదె, ఎండిపోయింది. మీటింగులో అనుకున్నవి రాసే మినిట్స్ కాపీ తెచ్చుకుని చూస్తే నా మాట ఎక్కడా లేదు.

మరుసటి ఏడు మీటింగుకి పది రోజుల ముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని కలిశాను. సభలో చెప్పనిది ఆయన అక్కడ చెప్పారు. "రబీలో గోదావరి సహజ ప్రవాహం పడిపోతుందండి. అప్పుడు పైన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు తయారుచేశాక వదిలే నీళ్లే దిక్కు. ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, రావాలంటే సెకనుకి 11,574 ఘనపుటడుగులు (క్యూసెక్కులు) రోజంతా పారాలి. పైనుంచి ఎంతొస్తుందో తెలియకుండా నేను మాటెలా ఇవ్వను?"

"మరి ఏమడిగితే ఔనంటారు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "నీళ్లు తక్కువైనప్పుడు వరసగా వదిలే వంతు అడగండి. కానీ మీ వాళ్లు నాట్లు ఆలస్యం చేయకూడదు. మీ కోసం కాలువ మూసే తేదీ పొడిగించలేం" అన్నారు.

అసలు కష్టం అక్కడినుంచే. మూడు రాత్రులు రామాలయం అరుగు మీద కూర్చున్నాం. కౌలు రైతులకి పెట్టుబడి చేతికందితేనే గదా నాట్లు! వాళ్లనేమీ అనలేకపోయాను. చివరికి సంక్రాంతి లోపు ముగిస్తామని అందరూ సంతకాలు పెట్టారు.

ఈసారి మీటింగులో ప్రసంగం చేయలేదు. "వంతులు పెడితే తొలి వంతు శివారుకి, మా కాలువకి నీళ్లు వదిలే రెగ్యులేటరు దగ్గర రోజూ గేజి, అంటే నీటి మట్టం, రాయాలి" అని కాగితం చదివాను. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు "సాధ్యమైనంత వరకు" అన్నారు. "ఆ మాట తీసేసి రాయిస్తారా అండీ?" అని అడిగాను. హాలంతా నిశ్శబ్దం. కలెక్టరు గారు మా సంతకాల కాగితం తీసుకుని చూసి, "రాయండి" అన్నారు.

ఫిబ్రవరిలో తొలి వంతు నీళ్లు మాకే వచ్చాయి. బోదె చివర పది ఎకరాలకి మాత్రం అందలేదు. ఆ రోజుల గేజి లెక్క తేదీలతో సహా రాసిపెట్టాను, వచ్చే మీటింగుకి.