డీ-ప్యాడ్ చూశాకే కొన్నాను: ఆరు బటన్ల వైర్ ప్యాడ్‌తో నా అనుభవం

విజయనగరంలో స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియో గేమ్ పట్టుదలగా ఆడేవాళ్లం కొద్దిమందిమే. విశాఖలో పోటీలకి వెళ్దాం అనుకున్నాక నాకు ముందు కావాల్సింది మంచి ప్యాడ్, అంటే చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్, అదీ వైరున్నదే. గదినిండా వైర్‌లెస్ ప్యాడ్‌లుంటే, ఇందాక ఆడి వెళ్లినవాడి ప్యాడ్ బ్యాగులో ఒత్తుకుని మళ్లీ కనెక్ట్ అయి ఆట ఆపేస్తుంది. ఆట ఆగితే చాలాచోట్ల రౌండ్ పోయినట్టే. ఆ టెన్షన్ నాకొద్దు.

నేను వెతికింది పాత సెగా ప్యాడ్ తరహాది, ఎందుకంటే ఆరు బటన్ల కోసం. ఈ ఆటలో క్లాసిక్ కంట్రోల్స్‌కి మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు. సెగా కంపెనీ పాత గేమ్ కన్సోల్ మెగాడ్రైవ్‌కి మొదట్లో మూడు బటన్ల ప్యాడే ఉండేది, 1993లో స్ట్రీట్ ఫైటర్ 2 దానిమీదకి వచ్చినప్పుడే ఆరు బటన్లది తెచ్చారు. పైన మూడు, కింద మూడు, అన్నీ బొటనవేలి కిందే. మామూలు ప్యాడ్‌లో రెండు దెబ్బలు పై అంచున ఉండే భుజం బటన్లకి పోతాయి, నాకది చేతికి రాలేదు.

ఊళ్లో ఒక షాపులో అడిగితే "అన్నీ ఒకటే బాబూ, రంగే తేడా" అన్నాడు. ఒకటి కానే కాదు, అసలు తేడా డీ-ప్యాడ్‌లో, అంటే ఎడమ బొటనవేలితో నొక్కే దిక్కుల బటన్‌లో ఉంటుంది. కంటోన్మెంట్‌లో ఉండే మా బావ దగ్గర చవక ప్యాడ్ ఒకటుంటే తెచ్చి, ట్రైనింగ్ మోడ్‌లో మనం నొక్కే బాణాలు తెరమీద కనబడేలా పెట్టి చూశాను. ముందుకి నొక్కిపట్టి వేలిని కొంచెం అటూఇటూ కదిపితే చాలు, పై మూల బాణం పడిపోతోంది, అంటే నడవాల్సినవాడు ఎగిరి దెబ్బ తింటాడు. ఆ దిక్కుల బటన్ కింద రబ్బరు పొర ఉంటుంది, మధ్యలో ఆనుకునే పిడి పొట్టిగా ఉంటే వేలి బరువుకి పక్క దిక్కు కూడా తగులుతుంది, అదీ సంగతి. మరీ బిగుతుగా ఉన్నా కష్టమే: కింద, మూల, ముందు అని వేలు తిప్పేటప్పుడు మూల పడకపోతే హడోకెన్ (చేతుల్లోంచి విసిరే శక్తి బంతి) బదులు ఉత్త పంచ్ వస్తుంది. ఇదంతా కుడివైపు నిలబడి కూడా చూడాలి, ఎందుకంటే అటు నుంచి వేలు లోపలికి లాగాలి.

అట్టపెట్టె మీద 1000 హెర్ట్జ్ అని పెద్దగా వేస్తారు. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 అంటే 1 మిల్లీసెకనుకోసారి, ఏ బటన్ నొక్కారో కంప్యూటర్ ప్యాడ్‌ని అడగడం. ఆటలో ఒక ఫ్రేమ్, అంటే తెరమీద ఒక బొమ్మ ఉండే సేపు, సుమారు 16.7 మిల్లీసెకన్లు, కాబట్టి తేడా అర ఫ్రేమ్ లోపే. ఉంటే మంచిదే, కానీ తప్పు బాణం ఒక్కటి పడితే రౌండే పోతుంది.

చివరికి 8బిట్‌డో కంపెనీ ఎం30 వైర్ మోడల్ తీసుకున్నాను. గుండ్రటి డీ-ప్యాడ్, మూలలు శుభ్రంగా పడుతున్నాయి. అది ఎక్స్‌బాక్స్‌కీ పీసీకీ చేసింది, పీఎస్5 (ప్లేస్టేషన్ 5)కి నేరుగా పనిచేయదు. అందుకే విశాఖలో పోటీ పెట్టేవాళ్లకి ఫోన్ చేసి, పీసీ మీదే అని గట్టిగా చెప్పించుకున్నాకే డబ్బు కట్టాను.