మగవేషాల కోసం పోటీ పడ్డ ఆడవాళ్లు

నిద్ర పాడుచేసుకుని మరీ నటి కిమ్ తే-రి చేసిన 2024 నాటి కొరియన్ సిరీస్ ‘జొంగ్‌న్యొన్: ద స్టార్ ఈజ్ బార్న్’ చూసేశాను. 1950ల కథ. మొక్పో అనే రేవు పట్టణంలో చేపలమ్ముకునే అమ్మాయి, పాట వద్దన్న తల్లిని ఎదిరించి నాటక కంపెనీలో చేరడానికి సోల్ వెళ్లిపోతుంది. స్టార్ కావాలి, డబ్బు సంపాదించాలి. ఆ డబ్బు ఆశను దాచకుండా చెప్పడమే నాకు బాగా నచ్చింది.

ఆ నాటకాల పేరు యోసొంగ్ గుక్‌గుక్. అన్ని వేషాలూ ఆడవాళ్లవే. రాజకుమారుడు, దొంగ, ముసలి మంత్రి, అందరూ వాళ్లే! మన స్థానం నరసింహారావు గారి సత్యభామకు పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఇది కల్పన కాదు. మగవాళ్ల పెత్తనం పడలేక 1948లో పాక్ నోక్-జు, కిమ్ సో-హీ లాంటి పాన్‌సోరి (డప్పు దరువు మీద ఒక్కరే పాడుతూ కథ చెప్పే కొరియా సంప్రదాయ కళ) గాయనులు సొంత సంఘం పెట్టుకున్నారు. మగవేషాలు కట్టిన ఇమ్ చున్-ఏంగ్ అంటే అప్పటి ఆడపిల్లలకు పిచ్చి. తర్వాత సినిమాలొచ్చాయి, 1960లలో కంపెనీలు మూతపడ్డాయి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది గొంతు సాధన. పాన్‌సోరికి తియ్యటి గొంతు చాలదు, కాస్త బొంగురు జీర ఉండాలి. దానికోసం కొండల్లో, జలపాతాల దగ్గర అరిచి అరిచి పాడతారు. ఆ పట్టుదలలో ఈ పిల్ల గొంతే పోగొట్టుకుంటుంది. అక్కడ కోపమొచ్చింది నాకు, ఆ పిల్ల మీదే.

పాన్‌సోరి మంచి రికార్డింగులు తెలిస్తే కామెంట్లో లింకు పెట్టండి. సబ్‌టైటిల్స్ లేకపోయినా పర్లేదు.