గ్యాస్ బండికి ట్యూనింగ్ ఆఖరి పని

సీఎన్‌జీ కారుకు పికప్ తగ్గిందన్నా, మైలేజ్ పడిపోయిందన్నా మన దగ్గర ముందు వినబడే మాట "ట్యూనింగ్ చేయించు" అని. ల్యాప్‌టాప్ తగిలించి గ్యాస్ మోతాదు పెంచితే కొన్నాళ్లు బండి బాగానే లాగుతది. లోపం మాత్రం అట్లనే ఉంటది, పైగా గ్యాస్ ఎక్కువ కాలుతది. అందుకే చూడాల్సినవన్నీ చూశాకే ట్యూనింగ్ జోలికి పోవాలి. ఇక్కడ రాసేది ఇంజెక్టర్లుండే సీక్వెన్షియల్ కిట్ గురించి.

ముందుగా స్విచ్ నొక్కి పెట్రోల్ మీద నడిపి చూడండి. రెండింటి మీదా మిస్సింగ్ (ఇంజిన్ మధ్యమధ్యలో తడబడడం) ఉంటే స్పార్క్ ప్లగ్‌లు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. గ్యాస్ మీదనే ఉంటే గ్యాస్ ఫిల్టర్, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్, గ్యాస్ ఇంజెక్టర్ల మీద అనుమానం పెట్టుకోవాలి. కానీ ఒక మెలిక ఉంది. సీఎన్‌జీని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగిన ప్లగ్ పెట్రోల్ మీద నెట్టుకొస్తది, గ్యాస్ మీద లోడ్ పడగానే తడబడతది. పరకాల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయబోతే జర్క్ ఇచ్చే బండ్లలో చాలావాటికి ఇదే కారణం. పదివేల కిలోమీటర్లకోసారి ప్లగ్‌లు ఇప్పి, నిప్పురవ్వ దూకే కొనల మధ్య గ్యాప్ కొలవాలి. చాలా ఇంజిన్లకు గ్యాస్ మీద 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు సరిపోతది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దిక్కు, భూపాలపల్లి బొగ్గు లారీల వెనక తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువుదాకా ఆగదు. సగానికే తీసి చూడాలి.

ఇక రెడ్యూసర్. సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో ఉన్న గ్యాస్‌ను ఇది రెండు బార్ల దగ్గరికి దించుతది. ఒత్తిడి అంత ఒక్కసారిగా పడితే గ్యాస్ విపరీతంగా చల్లబడతది. ఆ చల్లదనానికి గడ్డకట్టకుండా, ఇంజిన్ వేడి పట్టిన కూలెంట్‌ను రెడ్యూసర్ చుట్టూ తిప్పుతరు. కూలెంట్ తగ్గినా, పైపులో గాలి చేరినా, కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకొనే ఉండిపోయినా రెడ్యూసర్ మీద మంచు పేరుతది, బండి ఊగి ఆగిపోతది, లేదంటే తనంతట తనే పెట్రోల్‌కు మారుతది. రామగుండంలో 45 డిగ్రీల ఎండలోనూ ఇట్లా జరగొచ్చు. కూలెంట్ చూసేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. బోరు నీళ్లు పోయొద్దు, మన దగ్గరి బోర్లలో ఉప్పు ఎక్కువ, సన్న దారుల్లో గారకట్టి రెడ్యూసర్‌ను మూసేస్తది. నీళ్లు కలపని కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి నింపి, గాలి పోయేదాకా ఇంజిన్ నడపాలి.

బంకు కంప్రెసర్ నూనె కొద్దికొద్దిగా గ్యాస్ వెంట వచ్చి రెడ్యూసర్ అడుగున చేరుతది. అక్కడి నుంచి ఇంజెక్టర్లకు పోతే అవి జిగురుపట్టి ఆలస్యంగా తెరుచుకుంటయ్. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ నడిచేటప్పుడు, వణుకు అందుకే. చాలా రెడ్యూసర్లకు అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటది. తీసే ముందు ఇంజిన్ నడుస్తుండగానే సిలిండర్ వాల్వ్ మూసి, ఇంజిన్ ఆగేదాకా, లేదా తనంతట తనే పెట్రోల్‌కు మారేదాకా గ్యాస్ మీదనే ఉంచి లైన్‌లో ఒత్తిడి దించాలి. ఒత్తిడి ఉన్న లైన్‌లో ఏ నట్టూ ముట్టొద్దు, వదులుగా ఉందని బిగించనూ వద్దు. రెడ్యూసర్ తర్వాత ఉండే లో ప్రెషర్ ఫిల్టర్ 15 నుంచి 20 వేల కిలోమీటర్లకు మార్చాలి. కడిగి వాడేది కాదది.

పెట్రోల్ సంగతి చాలామంది మరిచిపోతరు. గ్యాస్ మీద బండి నడుస్తుంటే పెట్రోల్ ట్యాంకు ఎండగొట్టేస్తే అందులోని పంపుకు చల్లదనం అందదు, దాని మోటర్ కాలిపోవచ్చు. పావు ట్యాంకు ఎప్పుడూ ఉండాలి, వారానికోసారి నాలుగైదు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపాలి. లేకపోతే పెట్రోల్ పాతబడి ఇంజెక్టర్లలో బంక కడతది.

ఎండాకాలం మధ్యాహ్నం నింపిస్తే గేజ్ ఫుల్ చూపిస్తది కానీ వేడికి గ్యాస్ పలచబడి కిలోలు తక్కువ పడతయ్. రాత్రికి ముల్లు దిగితే లీక్ అని కంగారు పడొద్దు, గ్యాస్ చల్లారినా దిగుతది. మైలేజ్ లెక్క గేజ్ మీద కాదు, బిల్లులోని కిలోల మీదే వేయండి.

లీక్ అనుమానం మిగిలితే ఇంజిన్ ఆపి, బండిని ఆరుబయట పెట్టి, జాయింట్లకు సబ్బు నురుగు రాయండి. బుడగ వస్తే సిలిండర్ వాల్వ్ మూసేసి మెకానిక్‌ను పిలవాలి. డిక్కీలో వాసన వస్తే లైటు వేయొద్దు, తలుపులన్నీ తెరవండి. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, పైకి చేరుతది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ లాంటి చోట్ల ఆపే బండ్లకు రబ్బరు పైపులు ఎలుకలు కొరుకుతయ్, అవి కూడా చేత్తో తడిమి చూడాలి.

సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పెట్టి చేసే పరీక్ష) తప్పనిసరి. గడువు తేదీ ప్లేట్ మీద ఉంటది, అది దాటితే బంకులో గ్యాస్ పట్టరు. టెస్ట్‌కు సిలిండర్ ఖాళీ చేసి విప్పుతరు కాబట్టి, తిరిగి బిగించి గ్యాస్ నింపాక వాల్వ్ దగ్గర, పైపు జాయింట్ల దగ్గర మళ్లీ సబ్బు నురుగు పెట్టించి చూసుకోవాలి.