దింపు రోజు, అపాచీ పని

పొద్దున్నే కొబ్బరికాయలు దింపేవాళ్లు వచ్చారు. మావయ్యగారు వాళ్ల వెంటే తోటలోకి వెళ్లారు. సాయంత్రం కాయల లెక్క ఎక్కించాలి కాబట్టి ఆలోపే సర్వర్ పని అయిపోవాలనుకున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. దింపు లెక్కలు, కూలీ, అమ్మకం అన్నీ రాసుకోవడానికి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేనే కొన్ని వెబ్ పేజీలు చేశాను. ఆ పేజీల్ని అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ, ముందు గదిలోని విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది. ఇంటి వైఫైలో ఎవరి ఫోన్‌లోనైనా తెరవచ్చు. 2021 సెప్టెంబరు ఆఖర్లో పెట్టాను, నడుస్తోంది కదా అని మళ్లీ ముట్టుకోలేదు. నిన్న రాత్రి వెర్షన్ చూస్తే 2.4.49. గుండె ఝల్లుమంది.

ఆ వెర్షన్‌లోనే పెద్ద లోపం ఉంది. సెట్టింగుల్లో అడ్డు సరిగా లేకపోతే, వెబ్ ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లు కూడా చదివేయొచ్చు. ఆ అక్టోబరు 4న అపాచీ వాళ్లు సవరించి 2.4.50 ఇచ్చారు. ఆ సవరణ చాలలేదని తేలితే 7న 2.4.51 ఇచ్చారు. ముందు చేసింది సరిపోలేదని వాళ్లే రాసి పెట్టారు. నాకు అపాచీ మీద గౌరవం పెరిగింది అక్కడే. మా సర్వర్ ఇల్లు దాటి బయటకి తెరిచి లేదు, నిజమే. అయినా అందులో ఉన్నవి మావయ్యగారి లెక్కలు. ఇన్నేళ్లు అలా వదిలేయడం నా తప్పు.

విండోస్‌కి అపాచీ ఫౌండేషన్ సోర్సు కోడ్ మాత్రమే ఇస్తుంది, దాన్ని కంపైల్ చేసి నేరుగా నడిచేలా చేసిన ఫైళ్లు వేరేవాళ్లు ఇస్తారు. అందుకే డౌన్‌లోడ్ చేసిన జిప్ సరైనదేనా అని చూడటం నాకు ముఖ్యం. వేసవి సెలవులు కదా, బాబు పక్కనే ఉన్నాడు. సైటులో ఉన్న షా256 అక్షరాలు, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటివి, వాడు పైకి చదువుతుంటే, నా తెరమీద వచ్చినవి నేను చూసుకున్నాను. మొత్తం 64. "అమ్మా, ఒక్కటి తేడా వచ్చినా పారేస్తావా?" అన్నాడు. పారేస్తానన్నాను.

సర్వీస్ ఆపి, పాత ఫోల్డర్ పేరు మార్చి, కొత్తది అదే చోట అదే పేరుతో పెట్టాను. అలా అయితే సర్వీస్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. పాత కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు తెచ్చి టెస్ట్ చేస్తే సింటాక్స్ ఓకే, అంటే రాత సరిగ్గానే ఉంది అంది, పైన ఏదో హెచ్చరిక కూడా వచ్చింది. ఓకే అంది కదా అని స్టార్ట్ చేసేశాను.

మధ్యాహ్నం మావయ్యగారు మజ్జిగకి వచ్చి ఫోన్ తీశారు.

"అమ్మాయ్, పేజీ రావట్లేదేంటి?"

"అప్‌డేట్ చేస్తున్నానండి, ఇంకా అవ్వలేదు."

"కాలువ కట్టేసినట్టన్నమాట. కానియ్ మరి, నీళ్లు పారుతుంటే లాకులు బాగుచెయ్యలేం కదా."

ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది. మా ఊరి కాలువ కూడా ఇప్పుడు ఎండిపోయే ఉంది, జూన్‌లో గానీ నీళ్లు వదలరు.

ఈసారి హెచ్చరిక నిదానంగా చదివాను. డాక్యుమెంట్ రూట్, అంటే పేజీలుండే ఫోల్డర్, ఫలానా చోట లేదంటోంది. ఆ పేరు నాది కాదు, డమ్మీ హోస్ట్ అని ఉంది. అప్పుడు అర్థమైంది. ప్రధాన ఫైలు తెచ్చాను గానీ ఎక్స్‌ట్రా ఫోల్డర్‌లోని వర్చువల్ హోస్టుల ఫైలు (ఏ సైటు పేజీలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పేది) తేలేదు, దాని స్థానంలో కొత్త జిప్‌తో వచ్చిన నమూనా ఉంది. నాది తెచ్చిపెట్టి మళ్లీ టెస్ట్ చేశాను. ఈసారి ఓకే ఒక్కటే వచ్చింది. ఆ హెచ్చరిక మొదటిసారే చదివి ఉంటే రెండు గంటలు మిగిలేవి.

సాయంత్రం అరుగు మీద కూర్చుని మావయ్యగారు లెక్క చెబుతుంటే ఎక్కించాను. 2,340 కాయలు. సేవ్ అయ్యాక ఆయన తన ఫోన్‌లో తెరిచి, వేలితో కిందికి జరుపుతూ పోయినేడు దింపులు కూడా ఉన్నాయో లేదో చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి.

పాత ఫోల్డర్ ఇంకా తీసెయ్యలేదు. వచ్చే దింపు లెక్క కూడా ఎక్కాక తీసేస్తాను.