గొట్టాల వెడల్పులు చెప్పే టేకు పలక

చెక్కతో చిన్న పైపు ఆర్గన్ చేస్తున్నానంటే తిరుపతిలో చాలామంది మొదట అడిగేది ఒకటే: “హార్మోనియం లాంటిదా?” కాదు. హార్మోనియంలో ఇత్తడి రీడు కదిలి మోగుతుంది. ఆర్గన్‌లో ప్రతి స్వరానికీ ఒక గొట్టం ఉంటుంది. పిల్లనగ్రోవిలో లాగే గాలి గొట్టానికి కోసిన నోటి పై అంచుకు తగిలి లోపలి గాలిని మోగిస్తుంది. స నుంచి పై స దాకా ఒక స్థాయి, అందులో 12 మెట్లు. అలాంటి రెండు స్థాయిలకు 25 గొట్టాలు కావాలి. వాటిలో ఏ రెండింటికీ కొలతలు కలవవు. ఆ కొలతల కోసం చేసుకున్న పలక గురించే ఈ రాత.

గొట్టం పొడవును బట్టి శ్రుతి, వెడల్పును బట్టి గొంతు. సన్నగా ఉంటే స్వరం పదునుగా, తీగ మీటినట్టు వస్తుంది. వెడల్పుగా ఉంటే గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది. ఒక స్థాయి పైకి వెళ్తే పొడవు సుమారు సగమవుతుంది. వెడల్పును కూడా అక్కడే సగం చేస్తే పై స్వరాలు పీలగా వినిపిస్తాయి. అసలు తగ్గించకపోతే అవి కింది స్వరాలతో కలవవు. 19వ శతాబ్దంలో జర్మనీలోని వైమార్‌లో ఆర్గన్ వాద్యకారుడు యోహాన్ గాట్‌లోబ్ టోప్ఫర్ దీనికి లెక్క కట్టాడు. ఒక స్థాయికి గొట్టం అడ్డుకోత వైశాల్యం 8 వర్గమూలం వంతున, అంటే సుమారు 2.83 రెట్లు తగ్గాలన్నాడు. అలా చేస్తే వెడల్పు 13వ గొట్టం దగ్గర కాక 17వ గొట్టం దగ్గర సగమవుతుంది. నాలుగు మెట్లు ఆలస్యంగా సగం కావడం చిన్న తేడాగానే కనిపిస్తుంది, కానీ పై నుంచి కింది దాకా ఒకే గొంతు నిలిచేది దానివల్లే.

నావి పైన బిరడా బిగించే గొట్టాలు. అన్నిటికన్నా పెద్దదాని లోపలి వెడల్పు 48 మిల్లీమీటర్లు. కాబట్టి 17వది 24, చివరిది 17. మిగిలినవన్నీ కాలిక్యులేటర్‌తో తీసి కాగితం మీద రాసుకోవచ్చు. నాకది నచ్చదు. కాగితం మీది అంకెను స్కేలు మీద వెతికి, అక్కడి నుంచి చెక్క మీదికి మార్చాలి. ప్రతి మార్పులోనూ కొంత జారుతుంది. పలక మీద అంకెలు చదివే పనే లేదు. డివైడర్ ఒక మొనను అడుగు గీత మీద, రెండో మొనను ఏటవాలు గీత మీద పెట్టి, ఆ ఎడాన్ని నేరుగా గొట్టపు చెక్క మీద దించుతాను.

గీసే పద్ధతి ఇది. అడుగు గీత మీద ఎడమ చివర సున్నా బిందువు. అక్కడి నుంచి 480 మిల్లీమీటర్ల దగ్గర మొదటి గొట్టపు గుర్తు, తర్వాతిది 459.6 దగ్గర, ఆ తర్వాతిది 440.2 దగ్గర. ప్రతి దూరం ముందుదానికి 0.9576 వంతు. 17వ గుర్తు సరిగ్గా 240 దగ్గర పడుతుంది. అక్కడ పడితే లెక్క సరిపోయినట్టే. ప్రతి గుర్తు దగ్గరా మూలమట్టం ఆనించి కత్తి మొనతో నిలువు గీత గీస్తాను. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, కత్తి గీతలోకైతే డివైడర్ మొన దానంతటదే దిగి నిలుస్తుంది. ఇక సున్నా నుంచి మొదటి నిలువు గీత మీద 48 ఎత్తుకు ఒక ఏటవాలు గీత గీస్తే 25 వెడల్పులూ వచ్చేసినట్టే.

ఇక్కడి సంప్రదాయ శిల్ప కళాశాలలో చదివిన మిత్రుడు పలకను చూసి వెంటనే గుర్తుపట్టాడు. “మా తాళమానం ఇదే కదన్నా! ముఖం కొలత ఒకటి తెలిస్తే విగ్రహమంతా దానిలోంచే వస్తుంది. పక్క కొలతకు పక్క కొలత కలుపుకుంటూ పోకూడదు, అన్నీ మొదటి గీత నుంచే తీయాలి” అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక్కో గుర్తును దాని ముందు గుర్తు నుంచి కొలుస్తూ పోతే తప్పులు పేరుకుంటాయి. ఇక్కడ ప్రతి గుర్తూ సున్నా నుంచే కొలిచినది, ఒకదాని లోపం మరొకదానికి అంటదు.

చెక్క విషయంలో పట్టుదలగా ఉన్నాను. పాత ఇంటి ద్వారబంధంలోని టేకు చేవ తీసుకుని, వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోయించాను. అలా కోసిన టేకు వెడల్పులో కదిలేది మామూలు కోతలో కదిలేదానికి సుమారు సగమే. పొడవులోనైతే కదలిక దాదాపు ఉండదు. అయినా కార్తీకంలో వానలకు ఉబ్బుతుంది, మే ఎండలకు కుంచించుకుంటుంది. చెక్క మీద కొలతలేమిటని అడిగేవారికి నా జవాబు ఇదే: పలక ఉబ్బితే 48కీ 17కీ ఒకే నిష్పత్తిలో ఉబ్బుతుంది. వెడల్పుల మధ్య బంధం చెదరదు. గొంతుకు కావలసింది ఆ బంధమే, మిల్లీమీటరులో పదోవంతు కాదు.

పొడవులను మాత్రం కావాలనే పలక మీద పెట్టలేదు. వేడికి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన గొట్టం 40 డిగ్రీలకు ఒక మెట్టులో సగానికి పైగా ఎక్కుతుంది. నా పెద్ద గొట్టానికి ఆ తేడా పొడవులో రెండు సెంటీమీటర్లు దాటుతుంది. తిరుపతి ఎండలో దాన్ని చెక్కలో ఖాయం చేయడం కన్నా, బిరడా జరగడానికి చోటు వదలడమే సరైనది.

తర్వాత అదే పలక మీద ఇంకో మూడు ఏటవాలు గీతలు చేరాయి. ఒకటి గొట్టం లోతుకు, వెడల్పుకు అయిదు బై నాలుగు వంతు. రెండోది నోటి ఎత్తుకు, వెడల్పులో నాలుగో వంతు. మూడోది మూడో వంతు, నోటిని పెంచుకుంటూ పోయేటప్పుడు నేను పెట్టుకున్న హద్దు. కోసిన చెక్క తిరిగి అతకదు కాబట్టి నోరు చిన్నదిగా మొదలుపెట్టి, ఊది వింటూ కొద్దికొద్దిగా పైకి కోస్తాను.

నిలువు గీతల పక్కన మన శ్రుతి అంకెలే చెక్కాను: ఒకటి, ఒకటిన్నర, రెండు, అలా ఏడు దాకా, మళ్లీ ఒకటి నుంచి. పలక సగమయ్యే 17వ గీత పై స్థాయి మూడు శ్రుతి. వెనక వైపు ఇంకా ఖాళీగా ఉంది. బిరడా లేని గొట్టాల వరుస చేసేటప్పుడు అక్కడ ఇవే నిలువు గీతలు గీసి, ఇంకాస్త నిటారుగా ఒక ఏటవాలు గీత వేస్తాను.