‘నెక్లెస్’, ‘గూస్‌బెర్రీలు’: ఒక తులనాత్మక వ్యాసం రాసిన అనుభవం

సాహిత్య అధ్యయనానికి సంబంధించిన ఒక కోర్సులో చేరిన మొదటి సంవత్సరమే నేను ఒక తులనాత్మక వ్యాసం రాయవలసి వచ్చింది. ఇలా బతికితే నీ జీవితం నిండుతుందని సమాజం మనిషికి చెప్పే మాట ఎలా బూటకమవుతుందో రెండు చిన్న కథలను పక్కపక్కన పెట్టి చూపించాలన్నది అంశం. కథల ఎంపిక మాకే వదిలేశారు. నేను పెద్దగా ఆలోచించకుండా ఫ్రెంచ్ రచయిత మొపాసా రాసిన ‘నెక్లెస్’నూ, రష్యన్ రచయిత చెహోవ్ రాసిన ‘గూస్‌బెర్రీలు’నూ తీసుకున్నాను. మొదటిది 1884 ఫిబ్రవరిలో పారిస్‌లోని ఒక దినపత్రికలోనూ, రెండోది 1898లో ఒక రష్యన్ మాసపత్రికలోనూ వెలువడ్డాయి. రెండింటిలోనూ చిన్న గుమాస్తా జీతం ఉంది, ఆ జీతానికి అందని జీవితం మీద ఆశ ఉంది, కాబట్టి పని రెండు రోజుల్లో తేలిపోతుందనుకున్నాను. నాలుగు చిత్తుప్రతులు పట్టింది.

మొదటి ప్రతిలో నేను చేసినదల్లా మొదటి కథ చెప్పడం, ‘అదేవిధంగా’ అనడం, రెండో కథ చెప్పడం. రెండూ దురాశ దుఃఖానికి చేటని చాటుతున్నాయని ముగించాను. మా అధ్యాపకురాలు ‘అదేవిధంగా’ అన్న మాట కనబడిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్న చుట్టి, ఇవి రెండు కథాసంగ్రహాలు, పోలిక ఎక్కడుందని పక్కన రాసి తిప్పి పంపారు. ఆ రోజు నాకు కోపమే వచ్చింది. కథలు రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఇంకా ఏం పోల్చాలని గొణుక్కున్నాను.

కోపం చల్లారాక రెండు కథలనూ మళ్ళీ మొదటి నుంచీ చదివితే, ‘దురాశ’ అన్న మాటే నన్ను తప్పుదారి పట్టించిందని తెలిసింది. ‘నెక్లెస్’లోని మథిల్డ్ లోయిజెల్ అడిగినది ఒక్క సాయంత్రం. విద్యాశాఖలో గుమాస్తాగా ఉన్న ఆమె భర్త మంత్రిగారి విందుకు ఆహ్వానపత్రం సంపాదించి సంబరంగా ఇంటికి తెచ్చాడు. కట్టుకుపోవడానికి తగిన దుస్తులు లేవని ఆమె ఏడిస్తే, వేసవిలో మిత్రులతో కలిసి పిట్టల వేటకు వెళ్ళడానికి తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న 400 ఫ్రాంకులనూ ఆమె చేతిలో పెట్టాడు. నగను కూడా ఆమె ధనవంతురాలైన స్నేహితురాలి దగ్గర అరువుకే తెచ్చుకుంది. రెండో కథలోని నికొలాయ్ ఇవానిచ్ పల్లెలో స్వేచ్ఛగా పెరిగి, పంతొమ్మిదో ఏట నుంచీ ప్రభుత్వ ఖజానా కార్యాలయంలో కూర్చుని, ఒకే కాగితాలు రాస్తూ ఉన్నవాడు. అతనికి ఊరి మీదికి గాలి మళ్ళిందంటే అందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. వీళ్ళను దురాశాపరులనేస్తే తప్పంతా వాళ్ళ గుణం మీదికి పోతుంది, వ్యాసానికి అంశమైన సమాజం చప్పుడు చేయకుండా తప్పుకుంటుంది. నేను మొదటి ప్రతిలో చేసిన అసలు పొరపాటు అదే.

రెండో ప్రయత్నంలో ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, కోరిక ఏమిటి, ఆ కోరిక తీరితే జీవితం నిండుతుందని చెప్పింది ఎవరు, మూల్యం ఎవరు చెల్లించారు, చివరికి దక్కింది ఏమిటి అని నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. మొదటి ప్రశ్నకు నిమిషంలో జవాబులు వచ్చాయి. రెండో ప్రశ్న దగ్గర రెండు వైపులా ఖాళీ మిగిలింది. నీకు వజ్రాల హారం ఉంటే నువ్వు మనిషివవుతావని మథిల్డ్‌తో కథలో ఎవరూ అనరు. భూస్వామివైతే సుఖపడతావని నికొలాయ్‌కూ ఎవరూ నూరిపోయరు. మాట ఇచ్చినవాడే లేనప్పుడు మాట తప్పాడని ఎవరిని పట్టుకోవడం? వ్యాసం విషయమే చేజారిపోయిందని భయపడి, ఆ కాగితాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు.

జవాబు నేను అంతవరకూ కళ్ళతో దాటేస్తూ వచ్చిన ఒక చిన్న సన్నివేశంలో దొరికింది. హారం పోయిన తర్వాత మొగుడూపెళ్ళాలు ఖాళీ పెట్టె పట్టుకుని, దాని మీద పేరున్న నగల వర్తకుడి దగ్గరికి వెళతారు. అతను లెక్కల పుస్తకాలు తిరగేసి, ఆ హారం నేను అమ్మింది కాదమ్మా, పెట్టె మాత్రమే నా దగ్గర నుంచి వెళ్ళిందంటాడు. నగ నకిలీదన్న సంగతి చివరి వాక్యం దాకా దాచిన రచయిత, దాని సూచనను నట్టనడుమ ఇలా బాహాటంగా పెట్టి వెళ్ళిపోయాడు. మథిల్డ్ ఆ నల్ల సాటిన్ పెట్టెను చూసి నమ్మింది. ఆ పెట్టె ఉన్న ఇంటిని చూసి, ఆ ఇంటావిడ హోదాను చూసి నమ్మింది. స్నేహితురాలు ఇవి అసలు వజ్రాలని ఒక్కసారైనా అనలేదు, అనవలసిన అవసరమూ లేదు. ఎవరి నోటా రాకుండానే నలుగురూ నమ్మే మాట ఇలాంటిదే. ఈ కన్నుతో చూశాక రెండో కథలోనూ అలాంటి పెట్టె కనబడింది. నికొలాయ్ పత్రికల్లో ఇన్ని ఎకరాల సాగుభూమి, పచ్చికబయలు, ఇల్లు, ఏరు, తోట, మర అమ్మకానికి ఉన్నాయన్న ప్రకటనలు చదువుతాడు. వాటిని బట్టి కాగితం మీద తన ఎస్టేటు పటం గీసుకుంటాడు. ప్రతి పటంలోనూ యజమాని ఇల్లు, పనివాళ్ళ వసతి, కూరగాయల మడి, గూస్‌బెర్రీ పొదలు తప్పకుండా ఉంటాయి. పనివాళ్ళ వసతి లేకుండా ఆ మనిషికి పల్లె కూడా ఊహకు రాలేదన్నది నేను మూడోసారి చదివినప్పుడు గాని గమనించలేదు. అతను కోరుకున్నది పల్లె కాదు, పల్లెలో దొరతనం.

మూల్యం గురించిన ప్రశ్న త్వరగానే తెగింది, కాని అక్కడే కథలు రెండూ మొదటిసారి విడిపోయాయి. పోయిన హారానికి బదులు కొన్నదాని ఖరీదు 36,000 ఫ్రాంకులు. అందులో సగం భర్తకు తండ్రి వదిలిపోయిన సొమ్ము, మిగతా సగం దొరికిన ప్రతిచోటా చేసిన అప్పు. పోయినది మహా అయితే 500 ఫ్రాంకులది, అంటే డెబ్బై రెండో వంతు. ఆ అప్పును పదేళ్ళపాటు వాళ్ళిద్దరే తీర్చారు: ఆమె గిన్నెలు తోమింది, నీళ్ళు మోసింది, అంగళ్ళలో కాణీ కాణీకీ బేరమాడింది, అతను రాత్రుళ్ళు పుటకు ఇంతని కూలికి నకళ్ళు రాశాడు. నికొలాయ్ విషయం వేరు. తనూ అర్ధాకలితో బతికి పైకం కూడబెట్టాడు, నిజమే, కాని డబ్బు కోసమే ఒక వయసు మళ్ళిన వితంతువును పెళ్ళాడి, ఆమె సొమ్మును తన పేర బ్యాంకులో వేసుకుని, ఆమెకు కడుపునిండా తిండి కూడా పెట్టలేదు. ఓ మూడేళ్ళకు ఆమె చనిపోయింది. ఆ చావులో తన చేయి ఉందన్న ఆలోచన అతనికి రానే లేదు. ఒక కథలో ఆశపడ్డవాళ్ళే ఇచ్చుకున్నారు, రెండో కథలో పక్కమనిషి ఇచ్చుకుంది. ‘అదేవిధంగా’ అన్న మాట ఇక్కడ కొట్టివేయక తప్పలేదు.

మూడో ప్రతి రాస్తుండగా నన్ను ఒక మాట మోసం చేసింది. గూస్‌బెర్రీ అన్నది మనకు తెలిసిన ఉసిరికాయే అనుకుని చదువుతూ వచ్చాను. ఉసిరి పుల్లగా ఉండడంలో వింతేముంది? అందువల్ల ఆ పళ్ళు గట్టిగా, పుల్లగా ఉన్నాయని కథకుడు చెప్పిన వాక్యం నాకు కేవలం వర్ణనలా కనబడింది. అది వేరే మొక్క అనీ, ముళ్ళపొద మీద కాసే ఆ పండు బాగా పండితే మెత్తబడి తీపెక్కుతుందనీ తెలిసిన తర్వాత గాని ఆ వాక్యం బరువు అర్థం కాలేదు. ముసలితనం మీద పడుతున్న నికొలాయ్, తన పొదలకు మొదటిసారి కాసిన కాయలను పళ్ళెంలో తెప్పించుకుని, ఒక నిమిషం మాట్లాడలేక కన్నీళ్ళతో చూసి, ఒకటి నోట్లో వేసుకుని ‘ఎంత రుచిగా ఉందో’ అంటాడు. రాత్రంతా లేచి లేచి ఒక్కొక్కటే తింటూ ఉంటాడు. పక్కగదిలో పడుకున్న అన్న, ఈ కథంతా చెబుతున్న ఇవాన్ ఇవానిచ్‌కు ఆ అలికిడి వినబడుతుంది.

ఇక్కడ నా వ్యాసానికి అసలు వాదన దొరికింది. మథిల్డ్ కోరుకున్నది చేతికి అందినట్టే అంది జారిపోయింది. నికొలాయ్ కోరుకున్నది కోరుకున్నట్టే తీరింది. ఎస్టేటు పక్కనున్న ఏటి నీళ్ళు ఇటుకల ఫ్యాక్టరీ వల్ల, ఎముకలు కాల్చే ఫ్యాక్టరీ వల్ల కాఫీరంగులో పారుతున్నా, ఇరవై పొదలు తెప్పించి నాటుకోవలసి వచ్చినా, అతని లెక్కలో మాట నిలబడింది. తాత సామాన్య రైతు అయినా ఇప్పుడు తాను ‘మేము, కులీనులం’ అని మొదలుపెట్టి మాట్లాడగలడు. ఆశ భంగమైతే కనీసం నొప్పైనా తెలుస్తుంది; ఈ మనిషికి ఆశ తీరింది కనుక పుల్లదనం కూడా తెలియడం లేదు. ఇద్దరిలో ఎవరి స్థితి మరింత దయనీయమని అడిగితే నేను నికొలాయ్‌దేనంటాను. తోటి విద్యార్థులు చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ళు మొపాసా చివరి వాక్యపు దెబ్బ నుంచి తేరుకోలేదని నా అనుమానం. ఆ వాక్యం ఎంత చాకచక్యంగా ఉందంటే, అంతకుముందున్న కథనంతా అది మింగేస్తుంది. పదేళ్ళ చాకిరీ తర్వాత కూడా మథిల్డ్ కిటికీ దగ్గర కూర్చుని ఆ రాత్రి తాను ఎంత అందంగా ఉందో, ఎంతమంది తనను మెచ్చుకున్నారో తలచుకుంటుందన్న సంగతి పాఠకులకు గుర్తుండదు. నగ నకిలీదని తేలినా ఆ రాత్రి ఆమె పొందిన సంతోషం నకిలీదని కథ ఎక్కడా అనదు. నా వాదనకు ఇది అడ్డమే, అయినా దాచకుండా ఒక పేరాలో ఒప్పుకున్నాను.

కొంత తీసేశాను కూడా. మొపాసా స్వయంగా మంత్రిత్వ శాఖల్లో గుమాస్తాగా పనిచేశాడనీ, చెహోవ్ 1892లో మెలిహొవొ అనే పల్లెలో ఎస్టేటు కొన్నాడనీ తెలిసినప్పుడు ఒక పుట నిండా రాసుకున్నాను. చదవడానికి బాగానే ఉంది గాని, దానివల్ల కథల మధ్య పోలిక అంగుళం కూడా ముందుకు జరగలేదు. కొట్టేయడానికి మాత్రం ఒక పూట పట్టింది.

నాలుగో ప్రతిలో కొత్తగా చేర్చినది ఒక్కటే. ‘నెక్లెస్’ మొదట్లోనే, మూడు రోజులుగా మార్చని గుడ్డ పరిచిన బల్ల దగ్గర భర్త గిన్నె మూత తీసి, ఆహా, దీన్ని మించింది లేదని సూపును మెచ్చుకుంటాడు. ఎదురుగా కూర్చున్న భార్య అదే క్షణంలో వెండి పళ్ళేలను, రాజభవనాల విందులను ఊహించుకుంటూ ఉంటుంది. ‘ఎంత రుచిగా ఉందో’ అన్న నికొలాయ్ మాట పక్కన ఈ మాట పెట్టి చూస్తే, రెండు కథల్లోనూ ఒక గుమాస్తా ఏదో తిని బాగుందంటున్నాడు. ఒకరిది ఎదురుగా ఉన్నదాన్ని రుచి చూసి అన్న మాట, మరొకరిది ముందే రాసిపెట్టుకున్న మాట. ఏ వాగ్దానమూ నమ్మకుండా తృప్తిగా ఉన్న మనిషి రెండు కథల్లో కలిపి మథిల్డ్ భర్త లోయిజెల్ ఒక్కడేనని, ఆ తృప్తిని కూడా చివరికి ఆ హారమే తినేసిందని రాశాను. ఆ పేరా రాసినప్పుడు నాకు నా మీద కాస్త గర్వం కలిగిందని ఒప్పుకోవాలి.

వ్యాసం ఈసారి తిరిగి రాలేదు, మార్కులు వేసి ఇచ్చారు. కాని సరిగ్గా ఆ సూపు వాక్యం పక్కనే, పెన్సిలుతో, ‘ఆ సూపు ఎవరు వండారు?’ అని రాసి ఉంది. కథ తెరిచి వెతికాను. ఇంటిపనులు చేసే బ్రెటన్ (ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు) పిల్ల ఒక వాక్యంలో వస్తుంది. అప్పుల భారం పడ్డాక పనిమనిషిని మాన్పించారని మరో చోట ఉంది. ఆ తర్వాత ఆమె ఏమైందో రచయిత చెప్పడు. రెండో కథలో లోకంలోని సుఖం గురించి, ఆ సుఖం కింద నోరెత్తకుండా బరువు మోసేవాళ్ళ గురించి ఇవాన్ ఇవానిచ్ ఆవేశంగా మాట్లాడబోయే గదిలోనే, పెలగేయా అనే పనిపిల్ల మెత్తగా అడుగులేస్తూ టీ, జామ్ పట్టుకుని వస్తుంది. నాలుగు ప్రతుల్లో ఎక్కడా నేను ఈ ఇద్దరి ప్రస్తావన తీసుకురాలేదు.